ఆపత్కాలమునకు పెంపుడుజీవుల సంభారము

తుఫాను వచ్చుచున్నదని వార్త వినిన మాత్రముననే బియ్యమును, పప్పును, అగ్గిపెట్టెలను, పట్టాదారు పాసుపుస్తకమును ఎక్కడ ఎట్లు భద్రపరుపవలయునో కృష్ణా గోదావరీ ముఖద్వారముల చెంత నివసించు గృహిణికి ఎవరును బోధింపనక్కరలేదు. తరతరముల అనుభవమే ఆమెకు ఆ విద్య నేర్పినది. కాని ఆ యింటి అరుగుమీద పండుకొను కుక్కకు, అటకమీద పిల్లలను పెట్టిన పిల్లికి, పెరటి కోళ్ళకు, పాకలోని పాడిగేదెకు అదే యాపద సంభవించునప్పుడు ఏమేమి సిద్ధముగా నుండవలెనని యడిగినచో మన యిండ్లలో నిశ్చితమైన సమాధానము లభింపదు. కనుమనాడు పశువుల కొమ్ములకు రంగులు పూసి పూజించు దేశము మనది. మమకారమునకు కొదువలేని యీ చోట ముందుచూపు కొరవడుటకు హేతువేమో, ఇతర దేశములవారు ఈ విషయమున ఏమి నేర్చుకొనిరో, వారు నేర్చినదానిలో మన యిండ్లకు పనికివచ్చున దెంతయో పరిశీలించుటయే యీ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ఈ విషయమును గూర్చి నేటివరకు వెలువడిన వాఙ్మయమంతయు మూడు ప్రశ్నలను ఆశ్రయించుకొని యున్నది: ఏమి సిద్ధపరుపవలెను, ఎంత సిద్ధపరుపవలెను, సిద్ధపరచినదానితో ఎక్కడికి పోవలెను. మొదటిదానికి సమాధానములు కోకొల్లలు. రెండవదానికి చెప్పబడినవి పరస్పర భిన్నములు. మూడవదానికి చెప్పబడినది అత్యల్పము. నా దృష్టిలో మనకు ప్రాణప్రదమైనది ఆ మూడవదే. అది తేలనంతవరకు తక్కిన రెండింటికై పడిన శ్రమయంతయు గుమ్మము దాటని మూటగానే మిగిలిపోవును.

సంభారము ముందుగా యోచింపకపోవుట ఎంత దారుణమునకు దారితీయునో చూపుటకు 1939 నాటి బ్రిటనును మించిన నిదర్శనము లేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో యుద్ధము ప్రకటింపబడిన మొదటి వారముననే అచ్చటి ప్రజలు తమ కుక్కలను, పిల్లులను చంకనెత్తుకొని పశువైద్యుల వాకిళ్ళముందు బారులు తీరి వాటిని చంపించివేసిరి. అట్లు చంపబడినవి ఏడున్నర లక్షలని ఒక అంచనా కలదు. లండను నగరమందే నాలుగు లక్షలని తరువాతి చరిత్రకారుల గణన. లండనుపై వైమానిక దాడులు ముమ్మరమైనది మరుసటి యేటి సెప్టెంబరులో. కనుక ఆ జీవులను చంపినవి బాంబులు కావు. పెంపుడుజంతువులను ముందుగానే పల్లెలకు తరలింపుడనియు, ఇరుగుపొరుగువారి కప్పగింపజాలనిచో వాటిని నశింపజేయుటయే దయ యనియు సూచించు కరపత్రమొకటి యుద్ధమునకు ముందే ప్రచారములోనికి వచ్చియుండెను. రేపు దీనికేమి పెట్టుదుము, ఎక్కడ దాచుదుము అన్న రెండు ప్రశ్నలకు సమాధానము తోచని సామాన్య గృహస్థు, తన ఒడిలోని ప్రాణిని ప్రేమించుచునే, దానిని మృత్యువున కప్పగించినాడు.

అటుపిమ్మట అరువదియారేండ్లకు, 2005 ఆగష్టు 29న, అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరము కత్రినా తుఫానుచేత జలమయమైనప్పుడు ఇదే సమస్య తలక్రిందులుగా ప్రత్యక్షమైనది. రక్షణ పడవలలోనికిని, బస్సులలోనికిని పెంపుడుజంతువులను ఎక్కనీయలేదు. ఎక్కనీయనందున వేలాది జనులు ఇండ్లు వదలి రామని భీష్మించిరి. ఇల్లు వీడనివారిలో నూటికి నలుబదిమందికి పైగా తమ జంతువులను విడువలేకయే నిలిచిపోతిమని చెప్పినట్లు తరువాత జరిగిన సర్వే యొకటి వెల్లడించినది. మనుష్యుని రక్షింపవలెనన్నచో వాని కుక్కను కూడ పడవ ఎక్కించుకొనక తప్పదని ప్రభుత్వమునకు తెలిసివచ్చి, 2006లో అచ్చటి కాంగ్రెసు ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. తరలింపు ప్రణాళికలలో పెంపుడుజంతువుల యక్కరలను స్థానిక సంస్థలు చేర్చి తీరవలెనని దాని తాత్పర్యము. మన కేరళమునందును 2018 వరదలలో త్రిశూరు ప్రాంతమున ఒక స్త్రీ తన యిరువదియైదు కుక్కలను తీసికొనిపోనిదే ఇల్లు కదలనని నిశ్చయించుకొనగా, రక్షకులు చివరకు వాటినన్నిటిని తరలించిరి. ఇట్టివారిని మొండివారని కొందరు నిందింతురు. నేను నిందింపజాలను. ప్రాణిని విడిచి పోలేనివాడు సహజముగా ప్రవర్తించుచున్నాడు. ఆ సహజ ప్రవర్తనమును లెక్కలోనికి తీసికొనని ప్రణాళికయే అసమగ్రము.

జపానులో 2011 మార్చి భూకంపానంతరము అణుకేంద్ర పరిసరములనుండి హఠాత్తుగా తరలింపబడిన ప్రజలు, ఒకటి రెండు దినములలో తిరిగి వత్తుమను నమ్మికతో, జంతువులను కట్టివేసి పోయిరి; ఆ ఒకటి రెండు దినములు నెలలైనవి. ఆ దేశపు పర్యావరణ శాఖ 2013లో ప్రకటించిన మార్గదర్శకములు ఆ గుణపాఠముపైననే నిర్మింపబడినవి: యజమాని జంతువుతో కూడియే ఇల్లు వెడలవలెను, కనీసము ఐదు దినములకు చాలిన ఆహారము, నీరు, మందులు యజమానియే సమకూర్చుకొని యుండవలెను. ప్రభుత్వము మనుష్యుల యన్నము మోసికొనివచ్చుటలో మునిగియుండును గనుక పిల్లి గ్రాసము తరువాతి బండిలోనే వచ్చునని ముక్కుసూటిగా అంగీకరించుటయే ఆ మార్గదర్శకముల గొప్పతనము.

ఇక మన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో మృతులు పదివేలకు తక్కువ లేరు. పశునష్టము లక్షలలో లెక్కింపబడినది. అలలు తాటిచెట్టంత ఎత్తున వచ్చినవని ఆనాటివారు చెప్పుదురు. అట్టి ప్రళయమునకు ఏ సంచియు, ఏ డబ్బాయు ప్రతిక్రియ కాజాలదు. కాని నీరు నడుములోతున నిలిచిపోయిన అంచు గ్రామములలో ఒక్క విషయము జీవన్మరణములను నిర్ణయించును: పశువు మెడలోని పలుపు విప్పబడినదా, కట్టుగొయ్యకు బిగిసియే యున్నదా యనునది. విడిచిపెట్టిన గేదె ఈదును, మెరకను వెదకికొనును. కట్టివేసిన గేదె నిలుచున్నచోటనే మునిగిపోవును. పెద్దపశువుల విషయమున అత్యవసర సంభారములలో మొదటిది వస్తువే కాదు. ఆ ముడిని ఎప్పుడు, ఎవరు విప్పవలెనో ఇంటిలో ముందుగా తేల్చుకొనుటయే. తడిసి బిగిసిన కొబ్బరితాడు ముడి చీకటిలో చేతికి లొంగదు కనుక, పాకరాటకు ఒక కొడవలి తగిలించి యుంచుట మంచిది.

పెద్దపశువులకు సంభారమును సంచిలో మోయుట యసాధ్యమని గణించి చూచినచో తెలియును. నాలుగువందల యేబది కిలోల గేదె దినమునకు పది పదునొకండు కిలోల ఎండుపదార్థమునకు సరిపడు మేతను, నలుబది లీటర్లకు పైబడిన నీటిని అపేక్షించును. కావున దానికి కావలసినది మెరకస్థలము, ఆ స్థలముననే ముందుగా చేర్చిన వరిగడ్డి, తవుడు, ఉప్పు. బంగ్లాదేశమువారు, 1970 నవంబరునాటి భోలా తుఫానులో లక్షలాది జనులను పోగొట్టుకొన్న పిదప, తీరగ్రామములలో పశువులకై మట్టిదిబ్బలను పోసిరి. వాటిని వారు కిల్లా లందురు. చుట్టును నీరు పొంగినపుడు గ్రామపు మంద యంతయు ఆ దిబ్బమీద నిలుచును. సిమెంటు కట్టడముల ముందు ఇది స్వల్పమైన పనిగా దోచవచ్చును గాని, నేను చదివిన యుపాయములన్నిటిలో ఇంత తక్కువ వ్యయముతో ఇన్ని ప్రాణములు నిలుపగలది మరొకటి కనబడలేదు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు మాత్రము వానకారుకు ముందే వేయింపవలెను. వరద వచ్చిన పిమ్మట వేయించిన టీకాకు ఫలము సిద్ధించుటకు వారములు పట్టును.

కుక్క, పిల్లి విషయమున ప్రశ్న భిన్నముగా నుండును. ఇచ్చట సంచి సాధ్యము. సాధ్యమగుటచేతనే పొరపాటులకు తావెక్కువ. విదేశీయ జాబితాలన్నియు పొడియాహారపు డబ్బాతో మొదలగును. మన యిండ్లలోని కుక్కలలో పెక్కు పెరుగన్నమో, మాంసపుముక్క కలిపిన వేడియన్నమో తిని పెరిగినవి. అవి అంగడిలోని పొడి గుళికలను ఎన్నడును రుచి చూచి యెరుగవు. ఆపద వచ్చిన దినముననే ఆ డబ్బా తెరచి పెట్టినచో కొన్ని ముట్టవు. ఆకలికి తాళలేక తినినవాటికి విరేచనములు పట్టును. నీరే కరవైన వేళ విరేచనములకంటె ఘోరమైన కీడు వేరొండులేదు. కనుక దానిని నిలువచేయదలచినవారు ముందుగా వారము పది దినముల పాటు అన్నములో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయవలెను. ఆ పిమ్మట నెలకొకసారి పాతడబ్బాను ఇంటిలో ఖర్చుపెట్టి క్రొత్తది చేర్చవలెను.

అంగడి గుళికలను కొనలేనివారికి మన వంటింటిలోనే మార్గమున్నది. అటుకులు ఇదివరకే ఉడికి ఎండినవి, నిప్పు అవసరములేదు. గాలి చొరని స్టీలుడబ్బాలో నిలువయుంచి, పిడికెడు తీసి, శుభ్రమైన నీటిలో నానబెట్టి, అవి వ్రేళ్ళమధ్య మెత్తగా నలిగినంతనే, ఉడికించిన గుడ్డునో, పొడిచేసిన వేయించిన పప్పునో కలిపి పెట్టినచో కుక్క నాలుగైదు దినములు గడుపును. పిల్లికి ఇది చాలదు. పిల్లి స్వభావతః మాంసాహారి. రెండు మూడు దినములు ఏమియు తినని పిల్లికి, విశేషించి బలిసిన పిల్లికి, కాలేయమున క్రొవ్వు పేరుకొని ప్రాణాపాయము కలుగును. దానికి డబ్బా ఆహారమే మేలు. లేనిచో ఉప్పుపట్టని ఎండునెత్తళ్ళను కడిగి నానబెట్టి పెట్టవచ్చును. సహాయ శిబిరములలో పంచబడు పులిహోర పొట్లములు ఈ జీవులకు తగినవి కావు. ఉప్పు, మిరపకాయలు వాటి కడుపును చెరచును. ఉల్లిపాయ కుక్కకు, పిల్లికి రక్తమును క్షీణింపజేయును. ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండములను దెబ్బతీయును.

ఎంత యను ప్రశ్నకు నేను తేల్చుకొన్న సమాధానము ఇది. అమెరికాలో ఒక సంస్థ మూడు దినములనును, మరొకటి ఏడు దినములనును, ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రము రెండు వారములనును, జపానువారు ఐదనుచున్నారు. ఈ భేదమునకు కారణము శాస్త్రభేదము కాదు, దారులు తిరిగి తెరచుకొనుటకు ఎంత కాలము పట్టునను అంచనాలోని భేదమే యని నాకు తోచుచున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురము మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీటిలో నుండగా, మేడలపై చిక్కుకొన్నవారికి పడవలతోను, డ్రోనులతోను ఆహారము చేర్చవలసి వచ్చినది. దానిని బట్టి మన నగరములకు ఏడు దినములు ఉచితమని నా భావన. ఇరువది కిలోల కుక్కకు దినమునకు ఒక లీటరుకు పైగా త్రాగునీరు, మూడువందల గ్రాముల లోపు పొడియాహారము చాలును. వారమునకు రెండు కిలోల డబ్బా, ఎనిమిది లీటర్ల నీరు. నాలుగు కిలోల పిల్లికి వారమునకు నాలుగువందల గ్రాములు. ఈ లెక్క చిన్నదిగా దోచును గాని ఇంటిలోని ఇరువది లీటర్ల నీళ్ళ క్యాను వైపు చూడుడు: నలుగురు మనుష్యులు తలకు మూడు లీటర్ల చొప్పున త్రాగి, కుక్కకు ఒక లీటరు పోసినచో ఆ క్యాను ఒకటిన్నర దినములో అడుగంటును. జంతువు వాటాను ముందుగా వేరు సీసాలలో నింపి మూతలు బిగించి యుంచనిచో, మూడవనాడు ఆ యింటిలో దానికి నీరుండదు.

మందుల విషయమున చేయగూడనివి తెలియుట ముఖ్యము. మనము జ్వరమునకు మ్రింగు పారాసెటమాలు మాత్ర యొక్కటి పిల్లిని చంపగలదు. కుక్క గోమార్లకు వాడు పెర్మెత్రిన్ పిల్లిపై పడినను అంతే. పశువైద్యుడు నిత్యము వాడుమన్న మందు నెలకు సరిపడునంత, గాజుగుడ్డ, దూది, అయోడిను ద్రావకము చాలును. వరదనీటిలో ఎలుకల మూత్రమువలన వ్యాపించు లెప్టోస్పైరోసిసు కుక్కకును, దానివలన మనకును సోకును గనుక ఆ టీకాను, రేబిసు టీకాను కాలము తప్పక వేయింపవలెను. టీకాల పుస్తకమును, యజమానితో కూడిన జంతువు ఛాయాచిత్రమును కాగితముపైననే అచ్చువేయించి ప్లాస్టిక్కు సంచిలో పెట్టవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకిన పిమ్మట కరెంటును, ఫోనులును లేక గడచిన దినములలో, ఫోనులోని చిత్రము ఎవరికిని చూపుటకు వీలులేకపోయినది. అక్వేరియపు చేపలకు ఒక బ్యాటరీ గాలిపంపు చాలు. ఆ దినములలో వాటికి మేత తగ్గింపవలెను, వేసిన మేత కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించును. కోళ్ళకు గంప, గుప్పెడు నూకలు.

రామచిలుకను గూర్చి ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు చిలుకను పంజరమున పెంచుటను నిషేధించుచున్నది. అయినను పెంచువారున్నారు, పెంచువారు దాచుదురు, దాచినదానిని శిబిరమునకు తేజాలక ఇంటిలోనే వదలుదురు. నీరు పొంగిన యింటిలో తలుపు మూసిన పంజరముకంటె నిస్సహాయమైనది లేదు. అట్టివారు ఆపద రాకముందే దానిని అటవీశాఖవారికి అప్పగించుట ధర్మము.

వస్తువులన్నియు సమకూడిన పిమ్మటను, పిల్లి బుట్టలోనికి ఎక్కదు. ఈ చిన్న విషయమును జాబితాలు చాలవరకు విస్మరించినవి. గాలి హోరు వినినంతనే పిల్లి మంచముక్రింద మూలకు చేరి, పట్టబోయిన చేతిని రక్కును. పదినిమిషములు దానిని పట్టుటలో గడచినచో పడవ వెడలిపోవును. దీనికి మందు అభ్యాసమొక్కటే: మూతగల బుట్టనో, పెట్టెనో సంవత్సరమంతయు ఇంటి మూలనే తెరచియుంచి, లోపల పాత చీరముక్క పరచి, అప్పుడప్పుడు అందులోనే తిండి పెట్టుచు, మెల్లగా మూత మూసి తెరచుచు, వీధి చివరవరకు మోసికొని పోయి మరల తెచ్చుచు అలవాటు చేయవలెను. అభ్యాసములేని పిల్లిని గత్యంతరము లేనిచో దిండు గలీబులో వేసి మూతికట్టి కొద్దిసేపు మోయవచ్చునని అనుభవజ్ఞు లందురు. కుక్కకు మెడపట్టీ, గొలుసు, మూతిచిక్కము. చిక్కమునకును ముందే అలవాటు కావలెను.

ఎప్పుడు కదలవలెను? ఈ ప్రశ్నకు మనకు స్పష్టమైన కొలత కలదు. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగష్టులో అచ్చట నీటిమట్టము 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. మొదటి హెచ్చరికతోనే పశువులను మెరకకు తోలి, కుక్కపిల్లుల సంచిని గుమ్మమువద్ద చేర్చి, రెండవ హెచ్చరికతో వాటితో కూడ బంధువుల యింటికి బయలుదేరినచో మూడవ హెచ్చరిక నాటి తొందరలో వదలివేయు అవసరముండదు. సముద్రతీరమున వాతావరణశాఖ నలుబదియెనిమిది గంటలకు ముందు అప్రమత్తతను, ఇరువదినాలుగు గంటలకు ముందు హెచ్చరికను ప్రకటించును. జీవులతో ప్రయాణము చేయువారికి మొదటిదే బయలుదేరు ఘడియ.

ఇక మూడవ ప్రశ్న, ఎక్కడికి. మన పునరావాస కేంద్రములు సాధారణముగా పాఠశాలలు, కల్యాణమండపములు. వాటిలోనికి కుక్కను తెచ్చినవానిని వాకిటనే ఆపుటకు నిర్వాహకులకు కారణములున్నవి: కాటు భయము, పసిపిల్లలు, వంట జరుగు చోటు, ఇరుకు. ఈ యాక్షేపణలను తోసిపుచ్చుట న్యాయము కాదు. వాటికి సమాధానము యజమాని సంచిలోనే ఉండవలెను: టీకాల పుస్తకము, గొలుసు, చిక్కము, మలము ఎత్తుటకు పాత వార్తాపత్రికలు. వీటితో వచ్చినవానికి వరండా చివరనైన చోటు చూపుట పెద్ద భారము కాదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, తగు కారణములేక జంతువును ఆకలిదప్పులకు గురియగునట్లు వదలివేయుటను నేరముగా పరిగణించును. రాజ్యాంగపు 51ఎ అధికరణము ప్రాణులపట్ల దయను పౌరుని విధిగా చెప్పుచున్నది. విధిని విధించిన రాజ్యము దానిని నెరవేర్చు తావును కూడ చూపవలెను.

అట్టి తావు మన మండలములలో లేకపోలేదు. వ్యవసాయ మార్కెట్ యార్డులలో పలుచోట్ల పైకప్పు, ఎత్తైన అరుగు, విశాలమైన ప్రాంగణము కలవు. తుఫాను వేళ క్రయవిక్రయములు నిలిచిపోవును గనుక అవి ఖాళీగానే యుండును. మెరకనున్న యార్డులలో ఒక వైపు పశువులకును, గోడలమధ్య నున్న గోదాములలో ఒకటి కుక్కపిల్లులకును, ఒక పశువైద్య సహాయకునికి ఒక బల్లయు కేటాయించినచో, పాఠశాల వాకిట జరుగు వివాదము సగము తీరును. అవసరమైన అంకెలును ప్రభుత్వమువద్దనే యున్నవి. 2019 నాటి ఇరువదవ పశుగణనలో గ్రామగ్రామమునకు గేదెలు, మేకలు, కోళ్ళు మాత్రమే గాక పెంపుడు కుక్కలు కూడ లెక్కింపబడినవి. 2024 అక్టోబరులో ఇరువదియొకటవ గణన ప్రారంభమైనది. ఏటేటా జూను మాసమున వరద సన్నాహమునకై కూడు మండల సమావేశములో ఆ పట్టికలోని ఒక్కొక్క గ్రామపు అంకెలకు ఎదురుగా, ఆ గ్రామపు జీవులు పోవలసిన మెరక ఏదో, అచ్చట ఎన్ని మోపుల గడ్డి నిలువయున్నదో, తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో వ్రాసికొని, ఆ కాగితపు ప్రతిని పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపవలెను.